కళ్లు నిజంగానే తిరిగిన కేసు

"కళ్లు తిరుగుతున్నాయి డాక్టరుగారూ" అంటూ మా ఓపీకి రోజుకు ఒక్కరైనా వస్తారు. ఆ మాట వినగానే చెయ్యి ప్రిస్క్రిప్షన్ వైపు వెళ్తుంది. ఏం చేస్తుంటే వచ్చింది, ఎంతసేపు ఉంది అని అడక్కుండా రాసిన మందు చాలాసార్లు వృథా. ఈ కేసులో ఆ రెండు ప్రశ్నలూ 2 నెలలపాటు ఎవరూ అడగలేదు. అడిగిన నేను కూడా తర్వాత తొందరపడి ఒకటి కాదు, రెండు పొరపాట్లు చేశాను. అవీ రాస్తాను.

రోగి వయసు 57, లైబ్రేరియన్. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. కూతురు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. మెడకు కాలర్. తలా భుజాలూ ఒకే దిమ్మలా పెట్టి నడుస్తోంది, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పుతోంది. నెత్తిన నిండుకుండ ఉన్న మనిషిలా కుర్చీ అంచున కూర్చుంది, వెనక్కి ఆనలేదు.

ఫైలు మందంగా ఉంది. ఈసీజీ, రక్తపరీక్షలు, మెదడు ఎమ్మారై అన్నీ నార్మల్. మెడ ఎక్స్‌రేలో మాత్రం ఎముకలు అరిగాయని రాసి ఉంది. ఆ వయసులో పదిమందికి మెడ ఎక్స్‌రే తీస్తే చాలామందికి ఆ వాక్యమే వస్తుంది, వాళ్లలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ కాగితం మీద ఒక తప్పు దొరికింది కాబట్టి నేరం దాని మీదికే పోయింది. మెడ నరాలు నొక్కుకుని తల తిరుగుతోందని కాలర్ వేశారు. బీటాహిస్టిన్ ఇచ్చారు, దానికి తోడు తల తిరగడాన్ని అణిచే ఇంకో మాత్ర. ఆ రెండోదానితో పగలంతా మత్తు. నెల తర్వాత వేరేచోట, "మీరు టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటున్నారు" అని నిద్రమాత్ర కలిపారు.

"మెడే అని ఎందుకనుకున్నారమ్మా?" అన్నాను.

"పైఅరలో పుస్తకం తీద్దామని తల ఎత్తగానే వస్తుంది కదండీ."

న్యాయమైన జవాబే. కాకపోతే తల ఎత్తినప్పుడు కదిలేది మెడ ఒక్కటే కాదు. చెవులు కూడా తలతో పాటే వెళ్తాయి.

మాటలు విడదీయడం

తెలుగులో ఈ బాధకు బోలెడు మాటలున్నాయి, అవి ఒకటి కావు. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే బీపీ పడిపోవడం గురించి ఆలోచిస్తాను. నడుస్తుంటే తూలుతోందీ, కూర్చుంటే బాగానే ఉందీ అంటే కాళ్ల నరాలో చిన్నమెదడో. తల దిమ్ముగా, ఒళ్లు గాల్లో తేలినట్టు రోజంతా ఉందంటే ఆందోళన, నిద్రలేమి, రక్తహీనత, మందుల ప్రభావం లాంటివి వెతుకుతాను. గది గిర్రున తిరిగింది అంటే మాత్రం ముందు లోపలి చెవి. రోగులు వీటన్నిటినీ కలిపి "తల తిరుగుతోంది" అనేస్తారు. తప్పు వాళ్లది కాదు, విడదీయడం మా పని.

"మొదటిసారి ఎప్పుడొచ్చింది?"

"తెల్లవారుజామున. కుడివైపుకి ఒత్తిగిల్లాను, అంతే, మంచం బోర్లా పడిపోయినట్టయింది. గోడలు తిరిగిపోయాయి. వాంతి కూడా అయింది."

"ఎంతసేపు?"

"రోజంతానండీ. ఇప్పటికీ ఉంది."

ఇక్కడే చాలా కేసులు దారి తప్పుతాయి. రోజంతా అంటే ఒక జబ్బుల జాబితా, అర నిమిషం అంటే పూర్తిగా వేరే జాబితా. నేను మళ్లీ అడిగాను. "గోడలు తిరగడం ఎంతసేపు? కదలకుండా అలాగే పడుకుంటే ఆగిందా?"

ఆవిడ ఆలోచించింది. "కదలకపోతే ఆగుతుంది. ఆ తర్వాత కడుపులో తిప్పడం, నీరసం, భయం... అవి రోజంతా ఉంటాయి."

కూతురు మధ్యలో అందుకుంది. "తిరగడం మాత్రం చాలా కొంచెంసేపేనండీ. నేను పరిగెత్తుకుని గదిలోకి వచ్చేసరికే ఆగిపోయి ఉంటుంది."

వర్టైగోలో, అంటే ఇలా గిర్రున తిరగడంలో, రోగాన్ని సగం గడియారమే చెబుతుంది. మెనియర్స్ జబ్బులో తిరగడం కనీసం 20 నిమిషాలు, ఒక్కోసారి 12 గంటలు కూడా ఉంటుంది. చెవిలో హోరు, వినికిడి తగ్గడం దానికి తోడు వస్తాయి. మైగ్రేన్ వల్ల వచ్చేది 5 నిమిషాల నుంచి 3 రోజుల దాకా సాగొచ్చు. చెవి బ్యాలన్స్ నరం వాస్తే రోజుల తరబడి ఆగకుండా తిరుగుతుంది, కదలకుండా పడుకున్నా వదలదు. పక్క మీద ఒత్తిగిల్లితేనో, తల ఎత్తితేనో, వంచితేనో మొదలై నిమిషం లోపల ఆగిపోయేది దాదాపుగా ఒకటే. దాని పూర్తి పేరు బినైన్ పెరాక్సిస్మల్ పొజిషనల్ వర్టైగో, మేం బీపీపీవీ అంటాం. అరుదేం కాదు, నూటికి ఇద్దరు ముగ్గురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో, 50 దాటినవాళ్లలో ఎక్కువ.

అయినా మెదడు సంగతి ముందు తేల్చుకోవాలి. రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఒకవైపు బలహీనత, ఎన్నడూ లేనంత తలనొప్పి, పట్టుకుంటే తప్ప నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి తోడున్నా అది స్ట్రోక్ కావచ్చు, నా ఓపీలో వరసలో కూర్చోవాల్సిన కేసు కాదు. ఈవిడకు అవేవీ లేవు. పడుకున్నప్పుడు బీపీ 138/84, నిలబడ్డ 3 నిమిషాలకు 132/82. వినికిడి వయసుకు తగ్గట్టే ఉంది. వేలితో ముక్కు తాకే పరీక్షలో తడబాటు లేదు.

చెవిలో ఇసుక

లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలుంటాయని బళ్లో చదువుకునే ఉంటారు. ఒక్కొక్కటి ఒక్కో తలంలో ఉంటుంది, అన్నిటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగితే లోపలి ద్రవం వెనకబడి, చివర ఉన్న మెత్తటి పొరను వంచుతుంది. మెదడుకు కబురు అలా వెళ్తుంది. పక్కనే యుట్రికిల్ అనే చిన్న సంచి ఉంది. అందులో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరిచి ఉంటాయి. సున్నపురాయి ఏ పదార్థమో ఇవీ అదే పదార్థం. ఒక్కొక్కటి సుమారు మిల్లీమీటరులో వందో వంతు. ఆ బరువు ఎటు ఒరిగితే అటు భూమి ఉందని మనకు తెలుస్తుంది.

వయసు వల్లో, తలకు దెబ్బ తగిలో, చాలాసార్లు పైకి తెలిసే కారణం ఏదీ లేకుండానో వీటిలో కొన్ని ఊడతాయి. ఊడినవి కుల్యలోకి జారితేనే గొడవ. తల కదిపి ఆపేస్తారు, ద్రవం కూడా ఆగాలి. కానీ ఈ ఇసుక ఇంకా కిందికి జారుతూ ద్రవాన్ని లాగుతూ ఉంటుంది. తల ఇంకా గిర్రున తిరుగుతూనే ఉందని చెవి చెబుతుంది, లేదని కన్ను చెబుతుంది. ఇసుక అడుగున కూర్చోగానే తిరుగుడు ఆగిపోతుంది. అర నిమిషం లెక్క అక్కణ్నుంచి వచ్చిందే. పది కేసుల్లో ఎనిమిది తొమ్మిది వెనక కుల్యవే, ఎందుకంటే నిలబడ్డా పడుకున్నా ఇసుక చేరే పల్లం అదే.

చెవికీ కంటికీ లంకె ఎంత గట్టిదో మీరే చూసుకోవచ్చు. ఇది ఫోన్లో చదువుతుంటే ఫోన్ కదపకుండా తల అటూ ఇటూ వేగంగా ఊపండి, అక్షరాలు చదవగలుగుతారు. ఇప్పుడు తల కదపకుండా ఫోన్‌ను అదే వేగంతో ఊపండి, అక్షరాలు అలికేసినట్టవుతాయి. తల కదిలినప్పుడు చెవి ఇచ్చే సూచనతో సెకనులో వందో వంతు తిరక్కముందే కళ్లు ఎదురుదిశకు జరుగుతాయి. ఆ చెవే అబద్ధం చెబితే కళ్లు ఆ అబద్ధాన్నే నమ్మి కదులుతాయి. అంటే ఈ జబ్బులో "కళ్లు తిరుగుతున్నాయి" అన్నది నుడికారం కాదు, అక్షరాలా నిజం. ఎదురుగా కూర్చుని చూస్తే కనుగుడ్డు తిరగడం కనిపిస్తుంది. దాన్ని నిస్టాగ్మస్ అంటాం.

ఈ లంకెను పట్టుకున్న వాళ్లలో ముఖ్యుడు రాబర్ట్ బారానీ. వియన్నాలో రోగుల చెవులు నీళ్లతో కడిగేవాడు. నీళ్లు చల్లగా ఉంటేనే తల తిరుగుతోందని ఒక రోగి అన్నాడు. సరేనని నీళ్లు బాగా వేడిచేయిస్తే, ఈసారి మరీ వేడిగా ఉన్నాయనీ మళ్లీ తిరుగుతోందనీ అన్నాడు. బారానీ ఆ రోగి కళ్లలోకి చూశాడు. చల్లనీళ్లకు ఒక దిశలో, వేడినీళ్లకు ఎదురుదిశలో కొట్టుకుంటున్నాయి. 1914 నోబెల్ బహుమతి వచ్చిందని తెలిసేటప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. రోగి సణుగుడును విసుక్కోకుండా విన్నాడు చూడండి, నాకు నోబెల్ కన్నా అదే గొప్పగా అనిపిస్తుంది. బీపీపీవీ గురించి 1921లో స్పష్టంగా రాసినవాడూ ఆయనే.

బల్ల మీద

కాలర్ తీయమన్నాను. ఆవిడ కూతురు వైపు చూసింది. పరీక్షలో తల తిరుగుతుందనీ, తిరగడమే మనకు కావాలనీ, ఏం జరిగినా కళ్లు మాత్రం మూయొద్దనీ ముందే చెప్పాను. ఇది చెప్పకపోతే రోగి గట్టిగా కళ్లు మూసుకుంటారు, చూడాల్సింది కాస్తా రెప్పల వెనక జరిగిపోతుంది.

పరీక్ష పేరు డిక్స్–హాల్‌పైక్, 1952 నాటిది. కాళ్లు చాపి కూర్చోబెట్టి, తల కుడివైపు 45 డిగ్రీలు తిప్పి, రెండు చేతులతో తల పట్టుకుని ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టాను. తల బల్ల అంచు దాటి కొంచెం కిందికి వేలాడాలి. మనసులో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు. నాలుగు, ఐదు. కళ్లు నిశ్చలంగా నన్నే చూస్తున్నాయి. ఆరో అంకె దగ్గర కుడి కనుగుడ్డు మీద సన్నటి ఎర్ర నరం ఒకటి కదిలింది. మరుక్షణం రెండు కళ్లూ ఇరుసు మీద చక్రం తిరిగినట్టు, పై అంచు కింది చెవివైపు కొట్టుకుంటూ, దాంతోపాటు నుదుటివైపు ఎగురుతూ తిరగడం మొదలైంది. ఆవిడ నా ముంజేతిని పట్టుకున్న పట్టుకు గోళ్ల గుర్తులు పడ్డాయి. 10 సెకన్లకు ఉధృతం, ఆ తర్వాత నెమ్మది. 22 సెకన్లకు ఆగిపోయింది.

"ఇదే! ఇదేనండీ!" అంది. ఏడుస్తోంది, అందులో సగం ఊరటే. 2 నెలలుగా నీ భ్రమ అంటున్నదాన్ని ఇంకో మనిషి కళ్లారా చూశాడు. కూతుర్ని దగ్గరికి పిలిచి ఉండాల్సిందని తర్వాత అనిపించింది. ఇప్పుడైతే ఇంటివాళ్ల ఫోన్లోనే వీడియో తీయిస్తున్నాను.

ఎడమవైపు చేస్తే ఏమీ రాలేదు. కుడి వెనక కుల్య, సందేహం లేదు.

వైద్యానికి మందు లేదు, చేతులే. జారిన ఇసుకను వచ్చిన దారినే వెనక్కి పంపాలి. ఆ కదలికల వరసను అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు 1980లో బయటపెట్టాడు. తల తిప్పితే జబ్బు పోతుందంటే తోటి డాక్టర్లే నవ్వారు. పత్రం అచ్చవడానికి 1992 దాకా పట్టింది. సరిగ్గా ఆ ఏడాదే పార్న్స్, మెక్‌క్లూర్ అనే కెనడా డాక్టర్లు ఆపరేషన్‌లో కుల్య తెరిచి, లోపల తేలుతున్న రేణువులను కంటితో చూసినట్టు రాశారు.

తల వేలాడే స్థితిలోనే కళ్లు ఆగేదాకా ఉంచాను. తర్వాత తలను ఎడమవైపు 90 డిగ్రీలు తిప్పి ఇంకో నిమిషం. ఆపై ఎడమ భుజం మీదికి ఒత్తిగిల్లమని, ముక్కు నేలవైపు చూసేలా తల మరో 90 డిగ్రీలు. ఇక్కడ కళ్లు మళ్లీ అదే దిశలో కొంచెం తిరిగాయి, ఇసుక సరైన దారిలో ఉందని గుర్తు. చివర్న లేపి కూర్చోబెట్టాను.

అయిపోయిందనుకుని ఫైలు అందుకోవడానికి ఆవిడ భుజం మీంచి చెయ్యి తీశాను. ఎవరో ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి తోసినట్టు ఆవిడ వెనక్కి పడిపోయింది. కూతురు వీపు వెనక చేతులు అడ్డుపెట్టింది కాబట్టి సరిపోయింది, లేకపోతే తల గోడకు తగిలేది. ఇసుక మొత్తం ఒక్కసారిగా యుట్రికిల్‌లో పడితే, భూమి ఎటుందో చెప్పే పొర తుళ్లిపడి శరీరం ఒరిగిపోయిందని చెబుతుంది. మెదడు దాన్ని నమ్మి ఎదురు తోపు తోస్తుంది. పుస్తకాల్లో చదివిందే, చెయ్యి తీసే క్షణాన గుర్తు రాలేదు.

రెండో పొరపాటు అప్పటికి పొరపాటని తెలియలేదు. పోయిందో లేదో చూద్దామన్న ఆత్రంలో 2 నిమిషాలు తిరక్కముందే మళ్లీ అదే పరీక్ష చేశాను. కళ్లు కదల్లేదు. పోయిందని చెప్పి, కాలర్ తీసేయమని, మాత్రలు ఆపమని పంపించాను.

మూడో రోజు

మూడో రోజు పొద్దున్నే తిరిగొచ్చారు. ముందుకన్నా ఎక్కువగా ఉంది, ఇప్పుడు ఎటు ఒత్తిగిల్లినా వస్తోంది, మూడు వాంతులయ్యాయి. కూతురి మొహంలో నా మీద నమ్మకం సగానికి పడిపోయినట్టు స్పష్టంగా కనిపించింది.

డిక్స్–హాల్‌పైక్‌లో పాత తిరుగుడు లేదు. వెల్లకిలా పడుకోబెట్టి తలను కుడికి తిప్పితే కళ్లు పక్కకు, నేలవైపు కొట్టుకుంటున్నాయి. ఎడమకు తిప్పితే మళ్లీ నేలవైపే, కానీ కొంచెం తక్కువ జోరుతో. అంటే వెనక కుల్యలోంచి బయటపడ్డ ఇసుక ఇంటికి పోకుండా పక్క కుల్యలో దూరింది, అదీ కుడివైపే. ఎప్లీ చేసినవాళ్లలో కొద్దిమందికి ఇలా అవుతుంది. కొత్తగా బయటికొచ్చిన రేణువులు కుదురుకోకముందే తల మళ్లీ వెనక్కి వాల్చిన నా తొందరే దీనికి కారణమని నా అనుమానం. ఇప్పుడు ఎప్లీ తర్వాత 15 నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టకుండా మళ్లీ పరీక్షించను.

జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ కుల్యకు ఎప్లీ పనిచేయదు, వేరే తిప్పుడు ఉంది. వెల్లకిలా నుంచి ఎడమవైపు, అక్కణ్నుంచి బోర్లా, తర్వాత కుడివైపు, చివర్న మళ్లీ వెల్లకిలా, ఒక్కో మజిలీలో అర నిమిషం పైన ఆగుతూ పూర్తి చుట్టు. రెండుసార్లు చేశాను. లేపి కూర్చోబెట్టాక చెయ్యి రెండు నిమిషాలు భుజం మీదే ఉంచాను. వాంతి కవరు చేతిలో పట్టుకుని కూర్చుంది, దాని అవసరం రాలేదు.

వారానికి పరీక్ష మామూలు. గది తిరగడం పోయింది. కానీ తల తేలికగా తేలుతున్నట్టు ఉందంది. ఇది చాలామందికి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు ఉంటుంది. మెదడు ఇన్నాళ్లూ తప్పుడు లెక్కకు అలవాటుపడింది, సర్దుకోవడానికి కదలికే కావాలి. దీన్ని జబ్బు తగ్గలేదనుకుని మళ్లీ ఆ మత్తు మాత్రలు వేసుకుంటే సర్దుబాటు వెనకబడుతుంది. ఎప్లీ తర్వాత 2 రోజులు కూర్చుని నిద్రపోవాలని ఒకప్పుడు చెప్పేవాళ్లం, అది అక్కర్లేదని తేలింది.

అసలు చిక్కు భయం. 2 నెలలుగా ఆవిడ మంచం మీద పడుకోలేదు, కుర్చీలో దిళ్లు పేర్చుకుని కునుకు తీసేది. తలస్నానం అంటే వణుకు. కదలకపోవడంతో మెడ బిగుసుకుంది. మెడ నొప్పి అప్పుడు మొదలైంది, మెడ జబ్బు రుజువైనట్టే అయింది! మొదటి రాత్రి కూతురు పక్కన ఉండగా వెల్లకిలా 10 నిమిషాలు పడుకోవడం, మర్నాడు కుడివైపుకి తిరిగి 30 లెక్కపెట్టడం, ఇలా మెట్లుమెట్లుగా రాసిచ్చాను. 12 రోజులకు రాత్రంతా మంచం మీద నిద్రపోయింది. నెలకు పైఅర దాకా చెయ్యి వెళ్లింది.

రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 11 నానోగ్రాములు, బాగా తక్కువ. 2020లో కొరియాలో దాదాపు వెయ్యిమంది మీద జరిగిన అధ్యయనంలో, డి తక్కువున్నవాళ్లకు విటమిన్ డి, కాల్షియం ఇస్తే ఈ జబ్బు తిరగబెట్టడం సుమారు నాలుగో వంతు తగ్గింది. అందుకని అవి రాశాను. మందుల చీటీలో మిగిలింది అంతే.

తిరగబెట్టొచ్చని ముందే చెప్పాను. అయిదేళ్లలో దాదాపు సగంమందికి మళ్లీ వస్తుంది. ఈవిడకు 8 నెలలకు వచ్చింది. ఫోన్ చేసి, "ఈసారి ఎడమండీ. పడుకున్నాక అయిదు లెక్కపెడితే మొదలైంది, ఇరవై అయిదుకి ఆగింది. మాట తేడా లేదు, రెండుగా కనపడలేదు, నడిచే వస్తున్నా" అంది.

ఒంటరిగా వచ్చింది. కాలర్ లేదు. బల్ల ఎక్కి కాళ్లు చాపుకుని, నేను చెప్పకముందే తల ఎడమకు తిప్పి కళ్లు పెద్దవి చేసింది.

"వెనక్కి పడుకోబెట్టేటప్పుడు భయం లేదండీ. చివర్న లేపేటప్పుడు మాత్రం చెయ్యి తీయకండి."